మేస్త్రీ మాట, తోటివాడి మాట

తిరుత్తణిలో ఎక్కిన రైలు అరక్కోణం, తిరువళ్లూరు, అంబత్తూరు మీదుగా పెరంబూరు చేరుతుంది. పనివాళ్లలో ఎవరి మాటకు విలువుందో కనిపెట్టి, వాళ్ల ద్వారా సంస్థను మార్చాలన్న ఆలోచన ఈ ప్రాంతంలో ఎలా ఎదిగిందో తెలియాలంటే ఆ చివరి నుంచి మొదలుపెట్టాలి.

ఒకప్పుడు మిల్లు దొరలకు తెలిసిన పెద్దమనిషి మేస్త్రీయే. పనిలో పెట్టించేదీ తీయించేదీ అతనే కనుక కూలీలు వినక తప్పదు. అయితే భయం వేరు, గురి వేరు. పెరంబూరు పక్కనున్న బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కూలీలకు గురి కుదిరింది మేస్త్రీల మీద కాదు, బయటి వ్యాపారులు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడుల మీద. వాళ్లు నడిపిన వేంకటేశ గుణామృతవర్షిణి సభకు కూలీలు వచ్చేవారు. దైవచింతన పక్కనే కష్టసుఖాల మాటలూ సాగేవి. 1918 ఏప్రిల్ 27న, బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది అక్కడి నుంచే.

1921లో పెద్ద సమ్మె. మరుసటి ఏడు ఆ మిల్లుల్లోనే కార్మిక ప్రతినిధులతో కమిటీ వెలిసింది. యూనియన్‌కు పోటీగా పెట్టారని ఎవరైనా అనుమానిస్తే నేను తప్పుపట్టను. 1931లో కార్మికుల స్థితిగతులు పరిశీలించిన రాయల్ కమిషన్, నియామకాల్లో మేస్త్రీ పెత్తనం తీసేయమంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వందమంది, ఆపైన ఉన్న చోట వర్క్స్ కమిటీలకు దారి తీసింది.

ఆ మధ్యకాలంలోనే అమెరికాలో, హాథార్న్ కర్మాగారంలో 14 మంది పనివాళ్లు రోజుకెంత పని చేయాలో తమలో తామే తేల్చుకుంటున్నారని, కంపెనీ ప్రోత్సాహకాలు అక్కడ పారలేదని పరిశోధకులు గమనించారు. ఎవరు ఎవరితో ఉండాలనుకుంటున్నారో అడిగి, ఆ సంబంధాలను పటంగా గీసే పద్ధతిని 1934 నాటికి మనోవైద్యుడు మొరెనో పుస్తకంలో పెట్టాడు.

పనివాళ్ల మధ్య సంబంధాలకు విలువిచ్చే ఆ చూపు మన దగ్గర షాపు ఫ్లోరు మీదికి రావడానికి 1980 దాకా పట్టింది. హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఎస్.ఆర్. ఉడుప చొరవతో దేశంలో తొలి క్వాలిటీ సర్కిల్స్, అంటే పనిలోని చిక్కులను పనివాళ్లే కూర్చుని చర్చించుకునే చిన్న బృందాలు, మొదలయ్యాయి. ఇష్టపడి చేరినవాళ్లే సభ్యులు. అంబత్తూరు దాపున పాడిలోని సుందరం క్లేటన్ 1998లో, నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి గెలిచింది.

ఇప్పుడు కంపెనీలు సర్వే పెట్టి, ‘చిక్కొస్తే ఎవర్ని అడుగుతావు?’ అని ఆరా తీస్తున్నారు. మంచి ప్రశ్నే. కానీ దాన్ని పర్మినెంటు ఉద్యోగులకే పంపితే, పక్క మిషను మీద పదేళ్లుగా ఉన్న కాంట్రాక్టు మనిషి పేరు చెప్పడానికి కాగితంలో గడే ఉండదు.