వైఫైకి ఫుల్‌ఫామ్ లేదండోయ్!

ఇంట్లోంచి పనిచేస్తూ కాల్ మధ్యలో నెట్టు ఆగితే మనందరి నోటా ఒకటే మాట, ‘వైఫై పోయింది’. చాలాసార్లు పోయేది బయట్నుంచి వచ్చే లైను. రౌటర్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య ఉండే రేడియో లింకే వైఫై.

అసలా పేరు కథే వేరు. 1997లో ఐఈఈఈ పెట్టిన పేరు 802.11. ఆ పేరుతో సరుకు అమ్ముడవుతుందా? 1999లో కంపెనీలు సంఘంగా ఏర్పడి, ఇంటర్‌బ్రాండ్ అనే బ్రాండింగ్ సంస్థకి డబ్బులిచ్చి ‘వైఫై’ పుట్టించాయి. హైఫైకి ప్రాస, అంతే! అర్థంలేని పేరు కొందరు సభ్యులకి మింగుడుపడక ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’ అని ప్రకటనల్లో తగిలించారు. తర్వాత తీసేశారు గానీ మన క్విజ్ పుస్తకాల్లోంచి పోలేదు.

ఓసారి ఇంటర్వ్యూలో ఒక కుర్రాడు ‘దానికి ఫుల్‌ఫామ్ లేదు సార్’ అన్నాడు. తెలీక బుకాయిస్తున్నాడనుకుని మార్కులు కోసేశాను.