అపకేంద్రం నుంచి అభికేంద్రానికి: సమవృత్తాకార చలన భావన చరిత్ర

తాడుకు కట్టి తిప్పుతున్న రాయి మీద పనిచేసే బలం ఏదని అడిగితే, డిగ్రీ విద్యార్థులలో కూడా చాలామంది ‘బయటికి లాగే బలం’ అనే రాస్తారు. మనం మార్కులు తగ్గిస్తాం. పాఠ్యపుస్తకాల క్రమంలో అభికేంద్ర బలం ముందు వస్తుంది. అపకేంద్ర బలం ఆ తరువాత, మిథ్యాబలమనే హెచ్చరికతో వస్తుంది. చరిత్రలోని క్రమం దీనికి విరుద్ధం. ముందు పుట్టినది అపకేంద్ర భావనే. పరిమాణాన్ని చెప్పే నియమం మొదట లభించినదీ దానికే.

అరిస్టాటిల్ సంప్రదాయంలో ఖగోళ వస్తువుల వృత్త చలనం సహజమైనది కనుక దానికి బలమనే ప్రశ్నే లేదు. సరళరేఖా చలనమే సహజమని అంగీకరించిన తరువాతనే వృత్తం సమస్యగా మారింది. దెకార్త్ 1644లో ప్రచురించిన ‘తత్త్వశాస్త్ర సూత్రాలు’ గ్రంథంలో వడిసెలలో తిరిగే రాయిని ఉదాహరించాడు. మన పొలాలలో పిట్టలను తోలడానికి వాడిన వడిసెల వంటిదే అది. వదిలితే రాయి స్పర్శరేఖ వెంట పోతుందని ఆయనకు తెలుసు. అయినా చేతికి తెలిసే లాగుడును బట్టి, రాయికి కేంద్రం నుంచి తొలగిపోయే ప్రయత్నం ఉందని భావించాడు.

ఆ ప్రయత్నాన్ని కొలిచినవాడు హైగెన్స్. 1659 నాటి రాతప్రతిలో ఆయన తిరిగే చక్రం అంచున ఒక మనిషిని ఊహించాడు. అతని చేతిలో దారం, దారానికి సీసపు గుండు. దారం వదిలితే గుండు స్పర్శరేఖ వెంట పోతుంది; కాని చక్రంతోపాటు తిరిగే మనిషికి అది మొదట తన నుంచి నేరుగా బయటికి పోతున్నట్టే కనిపిస్తుంది. ఆ దూరాలు అత్యల్ప కాలవ్యవధులలో 1, 4, 9 నిష్పత్తిలో పెరుగుతాయి. కింద పడే వస్తువుకు గెలీలియో చెప్పిన నియమమూ ఇదే. కనుక దారంలోని తన్యతను బరువుతో పోల్చవచ్చు. వృత్తవ్యాసంలో నాలుగోవంతు ఎత్తు నుంచి పడితే వచ్చే వడితో తిరిగే వస్తువు అపకేంద్ర బలం దాని బరువుకు సమానమని ఆయన తేల్చాడు. 1673లో లోలక గడియారంపై గ్రంథం చివర 13 సిద్ధాంతాలను ఉపపత్తులు లేకుండా ప్రచురించాడు. ఉపపత్తులు ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1703లో వెలువడ్డాయి. ఇందులో దోషమేమీ లేదు. తిరిగే పరిశీలకుని స్థానం నుంచి చూస్తే ప్రతి అడుగూ సరైనదే.

1665 ప్రాంతంలో న్యూటన్, సవతి తండ్రి నుంచి సంక్రమించిన పెద్ద నోటుపుస్తకంలో, మరో దారి పట్టాడు. వృత్తం లోపల బహుభుజి వెంట కదిలే వస్తువు ప్రతి మూలలోనూ గోడను తాకి మళ్లుతుంది. ఒక పరిభ్రమణంలోని తాకిడులన్నిటి మొత్తానికీ వస్తువు గమనానికీ మధ్య నిష్పత్తి, బహుభుజి చుట్టుకొలతకూ వ్యాసార్ధానికీ ఉన్నదే. భుజాలను అనంతంగా పెంచి, పరిభ్రమణ కాలంతో భాగిస్తే హైగెన్స్ ఫలితమే వస్తుంది. సూత్రం చేతికి వచ్చినా, న్యూటన్ అప్పటికి మాట్లాడుతున్నది కేంద్రం నుంచి తొలగే ప్రయత్నం గురించే.

దిశ మారడానికి గ్రహాలు కావలసి వచ్చాయి. అక్కడ తాడు లేదు, గోడ లేదు, లాగుడు తెలిసే చెయ్యీ లేదు. 1679 నవంబరు 24న రాబర్ట్ హుక్ న్యూటన్‌కు రాసిన లేఖలో, గ్రహ చలనాన్ని స్పర్శరేఖ వెంట సరళ గమనం, కేంద్ర వస్తువు వైపు ఆకర్షణ అనే రెండింటి సంయోగంగా చూడమన్నాడు. హుక్‌కు దక్కవలసిన గౌరవంపై వివాదం పాతదే. గణితం న్యూటన్‌దైనా, ప్రశ్నను తిరగవేసినవాడు హుక్ అని నా అభిప్రాయం. 1684లో న్యూటన్ ‘అభికేంద్ర’ అనే లాటిన్ పదాన్ని హైగెన్స్ పదానికి ప్రతిగా కల్పించాడు: ఒకటి కేంద్రాన్ని వదిలి పారిపోయేది, మరొకటి కేంద్రాన్ని కోరేది. తెలుగులో అప, అభి ఉపసర్గలు ఈ జంటను చక్కగా నిలబెట్టాయి.

‘ప్రిన్సిపియా’ ఐదో నిర్వచనంలో మళ్లీ వడిసెలే వస్తుంది. రాయి తొలగిపోవాలనే ప్రయత్నాన్ని న్యూటన్ కొట్టివేయలేదు. దానికి ఎదురుగా రాయిని నిరంతరం చేతి వైపు మళ్లించే బలానికే అభికేంద్రమని పేరు పెట్టాడు. మొదటి సంపుటంలోని నాలుగో ప్రతిపాదనలో సమవృత్తాకార చలన నియమాన్ని నిరూపించి, దాని వ్యాఖ్యలో హైగెన్స్ పేరు చెప్పి, ఆ పక్కనే తన యౌవనకాలపు బహుభుజి వాదాన్నీ చేర్చాడు.