లినక్స్ కొత్త వెర్షన్ వచ్చింది: అప్‌గ్రేడ్ చేయాలా, ఫార్మాట్ కొట్టాలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను పారేయలేక చాలామంది ఉబుంటు, లినక్స్ మింట్ వైపు చూస్తున్నారు. ఇప్పటికే లినక్స్ వాడుతున్న ఇళ్లల్లో ప్రశ్న వేరు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయాలా, లేక అంతా తుడిచేసి ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేయాలా?

నరసరావుపేట అయినా, మాచర్ల అయినా, సర్వీస్ సెంటర్‌లో తరచుగా వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం" అనే. విండోస్ రోజుల నుంచి వచ్చిన అలవాటు అది. లినక్స్‌లో చాలాసార్లు ఆ అవసరం రాదు. అప్‌గ్రేడ్‌లో సిస్టమ్ ప్రోగ్రాములు మాత్రమే మారతాయి, మీ ఫొటోలు, ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్ జోలికి అది పోదు. ఫ్రెష్ ఇన్‌స్టాల్‌లో "ఎరేజ్ డిస్క్" నొక్కితే డిస్క్ మొత్తం ఖాళీ అవుతుంది. పక్కనే విండోస్ కూడా ఉంచుకుని ఉంటే అదీ పోతుంది.

దారి ఏదైనా ముందు బ్యాకప్ తీయాలి. నికాహ్ ఫొటోలు, పిల్లల స్కాలర్‌షిప్ కోసం స్కాన్ చేసిన సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు కాపీలు, జకాత్ లెక్కల షీటు, ఎప్పుడో రికార్డు చేసిన నానీ గొంతు. ఇవన్నీ ఒకే హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయంటే అప్‌గ్రేడ్ చేయకపోయినా ప్రమాదమే. మింట్‌లో వచ్చే టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అనుకోవద్దు. మామూలు సెట్టింగుల్లో అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, ఫొటోలను కాదు. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాక ఒకటి రెండు ఫైళ్లు అక్కడ నుంచే తెరిచి చూడాలి.

డాక్యుమెంట్లు, పిక్చర్లు కాపీ చేస్తే అంతా వచ్చేసినట్టు కాదు. హోమ్‌లో కంటికి కనపడని ఫోల్డర్లు ఉంటాయి. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటపడతాయి. మీరు సొంతంగా వేసుకున్న తెలుగు, ఉర్దూ ఫాంట్లు సాధారణంగా వాటిలోనే ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో దాచుకున్న పాస్‌వర్డ్లదీ అదే సంగతి, కాకపోతే ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలో వస్తుంది కాబట్టి దాని సరుకు హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్లో ఉంటుంది. అందుకే ఏరుకోకుండా హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని, కనపడనివాటితో సహా, కాపీ చేయడం మేలు.

ఇక ఎవరికి అప్‌గ్రేడ్ సరిపోతుంది? ఉబుంటు ఎల్‌టీఎస్ ప్రతి రెండేళ్లకు ఏప్రిల్‌లో వస్తుంది. నంబర్లోనే తేదీ ఉంది, 24.04 అంటే 2024 ఏప్రిల్. ఒక్కోదానికి ఐదేళ్ల సపోర్ట్. మీది దాని ముందు వెర్షనే అయి, మెషిన్ బాగా నడుస్తుంటే అప్‌గ్రేడ్ చాలు. విడుదలైన రోజే తొందరపడనక్కర్లేదు, ఉబుంటు కూడా ఎల్‌టీఎస్ వాళ్లకు మొదటి సవరణ వచ్చాకే అప్‌గ్రేడ్ చూపిస్తుంది. 24.04కి ఆ సవరణ 2024 ఆగస్టులో వచ్చింది.

మెట్లు మాత్రం దాటకూడదు. 20.04 నుంచి నేరుగా 24.04కి పోలేరు, మధ్యలో 22.04 ఎక్కాలి. మింట్‌లోనూ, డెబియన్‌లోనూ ఇదే పద్ధతి. రెండు మెట్లంటే రెండుసార్లు డౌన్‌లోడ్, రెండుసార్లు ఎదురుచూపు. ఆ లెక్కలో ఫ్రెష్ ఇన్‌స్టాలే తేలిక. ఇప్పుడు ఏదీ ముట్టుకోలేం, ఇంట్లో పరీక్షలున్నాయి అనేవాళ్లకు మూడో దారి ఉంది. 20.04కి మామూలు సపోర్ట్ 2025 మేతో అయిపోయింది. అయినా ఉబుంటు ప్రోలో చేరితే సెక్యూరిటీ అప్‌డేట్లు 2030 వరకు వస్తాయి. సొంత వాడకానికి 5 కంప్యూటర్ల దాకా అది ఉచితం.

అప్‌గ్రేడ్‌కు పెద్ద శత్రువు కరెంటు. ఉబుంటు ముందు ఫైళ్లన్నీ దించుకుని తర్వాతే మార్చడం మొదలుపెడుతుంది, కాబట్టి డౌన్‌లోడ్‌లో నెట్ పోతే పెద్ద నష్టం లేదు. మార్చే దశలో కరెంటు పోతేనే సిస్టమ్ సగం పాత, సగం కొత్తగా మిగిలిపోతుంది. దాన్ని బాగుచేయొచ్చు గానీ ఇంట్లోవాళ్ల పని కాదు. రెంటచింతల ఎండలు గుర్తుంటే చాలు, మే మధ్యాహ్నం యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు ఈ పని పెట్టుకోరు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండి, చార్జర్ పెట్టే ఉండాలి.

అప్‌గ్రేడ్ మధ్యలో ఒక్కోసారి "మీ పాత సెట్టింగ్ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా" అని అడుగుతుంది. మీరు దాన్ని కావాలని మార్చిన గుర్తు లేకపోతే కొత్తది పెట్టమనండి. బయటి నుంచి కలిపిన సాఫ్ట్‌వేర్ సోర్సులను అప్‌గ్రేడ్ ఆపేస్తుంది, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ ఆన్ చేసుకోవాలి. ప్రింటర్ సంగతి ముందే చూసుకోవాలి. మన జిరాక్స్ షాపుల్లో కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900కి క్యాప్ట్ అనే కంపెనీ డ్రైవర్ కావాలి. అది డిస్ట్రోతో పాటు రాదు. కొత్త వెర్షన్ మీద ఆ డ్రైవర్ మొరాయిస్తే షాపు పని ఆగుతుంది. ఇంకోటి, అప్‌గ్రేడ్ నచ్చలేదని పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడం అంత తేలిక కాదు.

ఫ్రెష్ ఇన్‌స్టాల్ తప్పని సందర్భాలూ ఉన్నాయి. ఒక డిస్ట్రో నుంచి ఇంకోదానికి మారాలంటే అదే దారి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ గానీ, సీడాక్ వాళ్ల బాస్ గానీ ఎప్పుడో వేయించుకున్నవాళ్లు ఇప్పుడు ఉబుంటుకో, మింట్‌కో రావాలంటే అప్‌గ్రేడ్ బటన్ ఉండదు. 32 బిట్ సిస్టమ్ వాడేవాళ్లదీ అదే పరిస్థితి. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు. ఆ సిస్టమ్‌లను 13కి అప్‌గ్రేడ్ చేయొద్దని, ప్రాసెసర్ ఒప్పుకుంటే 64 బిట్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని డెబియన్ వాళ్లే చెప్పారు. హార్డ్‌డిస్క్ టకటక శబ్దం చేస్తుంటే అప్‌గ్రేడూ వద్దు, ఫార్మాటూ వద్దు. ముందు ఫైళ్లు బయటికి తీసి, కొత్త ఎస్ఎస్‌డీ వేసి, దాని మీద ఫ్రెష్‌గా ఎక్కించాలి.

ఎలాగూ ఫ్రెష్‌గా చేస్తున్నప్పుడు హోమ్‌ను వేరే పార్టిషన్‌గా పెట్టుకుంటే వచ్చేసారికి సుఖం. అప్పుడు సిస్టమ్ పార్టిషన్ ఒక్కటే ఫార్మాట్ చేసి, హోమ్ దగ్గర ఫార్మాట్ టిక్ తీసేస్తే ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఆ టిక్ ఒక్కటీ రెండుసార్లు చూసుకోవాలి.

ఉబుంటు 24.04 ఫైల్ దాదాపు 6 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. గురజాలలో మొబైల్ డేటా మీద దించే బదులు వైఫై ఉన్న బంధువుల ఇంట్లో దించుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకుండా "ట్రై ఉబుంటు" ఎంచుకుంటే డిస్క్‌ను ముట్టుకోకుండానే వైఫై, సౌండ్, ప్రింటర్ పరీక్షించుకోవచ్చు. తెలుగు, ఉర్దూ కీబోర్డులు సెట్టింగుల్లోనే దొరుకుతాయి. ఉర్దూ అక్షరాలు అరబ్బీలా నస్ఖ్‌లో కనిపిస్తే నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్ వేసుకోవాలి. పాత ఇన్‌పేజ్ ఫైళ్లు, అను ఫాంట్లతో చేసిన కార్డులు లినక్స్‌లో సరిగా తెరుచుకోవు, కాబట్టి విండోస్ ఉన్నప్పుడే వాటిని పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.