పౌడర్ మెజర్ మొరాయిస్తే

తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకునే మన మిత్రులు నన్ను తరచు అడిగేది, పౌడర్ మెజర్ ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు పోస్తుందని. అది మందును తూచదండీ, సోలతో బియ్యం కొలిచినట్టు కొలుస్తుంది. సోలను కుదిపితే గింజలు ఎక్కువ పడతాయి కదా, ఇదీ అంతే. పిడిని ప్రతిసారీ ఒకేలా తిప్పాలి. హాపర్‌లో మందు మట్టం బాగా తగ్గనివ్వకూడదు. బ్యాఫిల్ ఉంటే ఆ బెంగ తక్కువ.

పుల్లల్లాంటి ఎక్స్‌ట్రూడెడ్ పౌడర్ డ్రమ్ము అంచున తెగుతుంది, తూకం మారుతుంది. రైఫిల్‌కి నేను కాస్త తక్కువ పోసి, త్రాసు మీద ట్రిక్లర్‌తో సరిచేస్తాను. సన్నటి బాల్ పౌడర్‌కి ఆ గొడవ లేదు, కానీ డ్రమ్ము వదులైతే కారుతుంది. గోడలకు అంటుకుంటే అది స్టాటిక్. డ్రయ్యర్ షీట్‌తో తుడవండి.

పిస్తోలుకైతే చిన్న డ్రమ్ము ఉన్నదే కొనండి. పది పోతలు విడివిడిగా తూచండి. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, గురివింద గింజలో సగం!

ఓసారి ఫోను మాట్లాడుతూ ఒకే 9 ఎంఎం కేసులో రెండుసార్లు పోశాను. బుల్లెట్ పెట్టేముందు ట్రే మీద టార్చి వేసి చూడబట్టి దొరికింది. అప్పట్నుంచి ఫోను పక్కగదిలోనే. పనయ్యాక మిగిలిన మందు హాపర్‌లో ఉంచకుండా దాని డబ్బాలోకే పోసేస్తాను.