నందిదుర్గపు కూలిబంటు - వాని తుపాకి

దిబ్బూరహళ్ళి పరిసరముల తెలుగువారికి నందికొండ చిరపరిచితము. 1791 నాటి దాని ముట్టడిపై ఎవరైనను నవల వ్రాసి, కూలికి పోరాడు బంటు నొకనిని అందు కల్పించినచో, వాని చేతికి ఏ తుపాకి నీయవలెను?

టిప్పు సుల్తాను తన పటాలముల కొఱకు శ్రీరంగపట్టణమున చెకుముకి తుపాకులు చేయించెను. సొంత ఆయుధముతో కొలువునకు వచ్చు బంటుకు మాత్రము జామగి తుపాకియే తగును. వెలిగించిన త్రాటిని మందునకు తాకించు మీట అది. చెడినచో ఊరి కమ్మరియే బాగుచేయగలడు. చెకుముకి తుపాకికి బిగువైన ఉక్కు కమాను కావలెను. అది ప్రతి కొలిమిలోను సాధ్యపడు పని కాదు. రాయి అరిగినప్పుడెల్ల క్రొత్తది కొనవలెను గూడ.

జామగికి దోషములు లేకపోలేదు. వానకు త్రాడు ఆరిపోవును. చీకటిలో దాని నిప్పు బంటు ఉన్న చోటును పట్టియిచ్చును. మన చలనచిత్రములలోని బంట్లు జడివానలోను ఎడతెగక పేల్చుచుందురు. మందు దట్టించు పని వారికి లేదు కాబోలు!

మూడు వారముల ముట్టడి పిమ్మట, అక్టోబరు 19 తెల్లవారకముందే కారన్‌వాలీసు సేన కోట నెక్కెను. ఎక్కువారిని మిక్కిలి గాయపరచినవి తుపాకిగుండ్లు కావు, పైనుండి దొర్లించిన బండలు. ఆ ఘట్టమున కథకుడు తన బంటుచేత తుపాకిని ప్రక్కన పెట్టించి బండను దొర్లింపజేయుటయే సహజము.