తలారి కఱ్ఱ నుండి పోలీసు గస్తీ వఱకు

నేడు నేను చెప్పదలచినది రాజుల చరిత్ర కాదు. రాజులు నిద్రించుచుండగా మేలుకొని తిరిగినవారి చరిత్ర. తిరుపతి, చిత్తూరు సీమలలో రాత్రివేళ ఊరు కాచినవారెవరు? వారికి ఆ యధికారము నిచ్చినదెవరు? వారే తప్పు చేసినచో అడుగువారెవరు? ఈ మూడు ప్రశ్నలకును నేనెఱిగినంత సమాధానము చెప్పెదను. మూడవ ప్రశ్నయే ముఖ్యమని నా యభిప్రాయము. కారణము కడపట తెలియగలదు.

ఊరికి కావలి యనునది క్రొత్తగా వచ్చినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరమును పాలించు నాగరకుని విధులు ఒక ప్రకరణమంతయు వివరింపబడినవి. ప్రొద్దుగ్రుంకిన ఆఱు నాళికలకు ఒక తూర్యము, తెల్లవాఱుటకు ఆఱు నాళికల ముందు మఱియొక తూర్యము మ్రోగింపవలెను. ఈ రెంటి నడుమ అకారణముగా తిరుగువారికి దండన కలదు. కాని శాస్త్రకారుడు అంతటితో ఆగలేదు. ప్రసవవేదన పడు స్త్రీకి సహాయము కొఱకు పోవువారు, వైద్యులు, శవమును మోయువారు, దీపము పట్టుకొని నడచువారు, అగ్నిప్రమాదమునకు పరుగెత్తువారు, రాజముద్ర గలవారు - వీరిని ఆపరాదని చెప్పెను. అటుపిమ్మట చెప్పిన మాట మిక్కిలి గొప్పది. ఆపదగనివానిని ఆపిన కావలివానికిని, ఆపదగినవానిని విడిచిన కావలివానికిని, రాత్రి తిరిగినవానికి వేయు దండనకు రెండింతలు వేయవలెననెను. రెండును సమానమైన తప్పులే యని రెండువేల యేండ్లకు పూర్వపు నీతి. ఈ మాటను గుర్తుంచుకొనుడు.

ఇక మన సీమకు వత్తము. విజయనగర రాజ్యమున 1535 ప్రాంతమున నివసించిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు అచ్చటి కావలిపద్ధతిని వ్రాసి యుంచెను. ఎవ్వడైనను దారిలో దొంగలు దోచిరని రాజునకు మొఱ పెట్టుకొన్నచో, రాజు వెంటనే ఆ సీమ నాయకుని పిలిపించునట. దొంగను పట్టి తేలేనిచో నాయకుని సొత్తునే తీసికొనుట కలదట. పట్టణమున దొంగతనములకు కావలి అధికారి జవాబుదారి. ఆ రాజ్యపు కడపటి రాజధానులలో నొకటి మన చంద్రగిరి. కావున ఈ ధర్మము మన సీమకు పరాయిది కాదు.

ఈ నియమమే పల్లెలలో తలారి రూపమున నిలిచెను. మీలో పెద్దవారు తలారిని చూచియే యుందురు. చేత కఱ్ఱ, భుజమున కంబళి, కంఠమున కేక - ఇవియే వాని సరంజామా. వానికి జీతము లేదు. ఇనాము భూమియు, కళ్లమువద్ద కొలిచిపెట్టు మేరయు వాని బ్రతుకు. తండ్రి పిమ్మట కొడుకు ఆ పని చేసెడివాడు. ఊరిలో ఎవరింటికి చుట్టము వచ్చినది, ఎవరి ఎద్దు అమ్ముడుపోయినది, ఎవరు అప్పులపాలైరి - అన్నియు వానికి తెలియును. అడుగుజాడ తీయుటలో గొప్ప నేర్పరి. పోయిన పశువు జాడను పొలిమేర దాటించి పొరుగూరి తలారికి అప్పగించినచో, అచ్చటినుండి బాధ్యత పొరుగూరిది. దొంగ దొరకనిచో నష్టము కొంత కావలివాడు పూరింపవలెనను ఆచారము పలుచోట్ల నుండెను.

తలారిపైన పెద్ద కావలి పాలెగారిది. దానిని దేశకావలి యనిరి. మొదట అది రక్షణకు ప్రతిఫలము. పోనుపోను రక్షణ తగ్గి ప్రతిఫలము మాత్రము మిగిలెను. కావలిరుసుము ఈయని యూళ్లను పాలెగాండ్ర బంట్లే దోచిన సందర్భములు కలవు. కంచెయే చేను మేసినచో కాపు ఎవరితో చెప్పుకొనును?

1800లో దత్తమండలములును, 1801లో ఆర్కాటు నవాబు సీమయును ఈస్టిండియా కంపెనీ వశమాయెను. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు మొదటిదానిలోను, చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి రెండవదానిలోను ఉండినవి. దత్తమండలములకు కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో సుమారు ఎనుబదిమంది పాలెగాండ్ర బలమును అణచెను. చిత్తూరు పాలెగాండ్రు తమ కావలిహక్కులు పోవుట సహింపక తిరుగబడగా 1804, 1805 సంవత్సరములలో కంపెనీ సేనలు వచ్చి వారిని లోబఱచినవి. ఆ విధముగా దేశకావలి అంతరించెను. తలారి మాత్రము మిగిలెను.

వానిని తీసివేయుటకును కంపెనీవారు యత్నింపకపోలేదు. వంగదేశపు మాదిరిని 1802లో దరోగాలను, ఠాణాదారులను నియమించిరి. వారు ఊరెఱుగరు, ఊరు వారి నెఱుగదు. ఆ పద్ధతి నిలువలేదు. మన్రో విచారణాసంఘము సూచనలపై 1816లో పదునొకండవ రెగ్యులేషను వచ్చి, గ్రామమునసబునకు పోలీసధికారము నిచ్చి, తలారిని అతని క్రింద నుంచి, తహసీలుదారును వారిపైన పెట్టెను. పాత కావలికే క్రొత్త ముద్ర పడినది.

కాని ఆ శాసనములోనే యొక మచ్చ కలదు. చిన్న తగవులకు మునసబు నిందితుని పండ్రెండు గంటలకు మించకుండ చావడిలో నిర్బంధింపవచ్చును. ఆ నిందితుడు తక్కువదని చెప్పబడు కులమువాడైనచో ఆఱుగంటలకు మించకుండ బొండకొయ్యలో బిగింపవచ్చును! తప్పు ఒక్కటే, ఒకనికి చావడి నీడ, మఱియొకనికి ఎండలో బొండకొయ్య. కావలివాని చూపు మనిషి చేసిన పనిమీద గాక మనిషి పుట్టుకమీద పడునట్లు శాసనమే నేర్పెను.

ఇంకొక దోషము. శిస్తు వసూలు చేయు బంట్రోతే పోలీసుపనియు చేసెడివాడు. శిస్తు కట్టలేని రైతును ఎండలో వంచి నిలువబెట్టుట, వ్రేళ్లకు కిట్టి వేయుట మొదలగు హింసలు జరిగినవి. చెన్నపురి ప్రభుత్వము నియమించిన విచారణాసంఘము 1855లో ఈ హింసలు నిజమేయని నివేదించి, శిస్తును పోలీసును వేఱుచేయవలెనని చెప్పెను. ఫలితముగా 1859వ సంవత్సరపు ఇరువదినాల్గవ చట్టము వచ్చెను. జీతము గలవాడు, ఉడుపులు గలవాడు, ఒక చోటినుండి మఱియొక చోటికి మార్పబడువాడు అగు కానిస్టేబులు అప్పుడు మన వీథులలో అడుగుపెట్టెను. విలియం రాబిన్‌సను ఈ దళమునకు మొదటి అధిపతి. రెండేండ్లకు, 1861లో, భారతదేశపు పోలీసు చట్టము వచ్చెను.

పెద్దలారా! ఇచ్చట లాభనష్టములు రెండును గమనింపుడు. కానిస్టేబులు గ్రామపెద్దకు దాసుడు కాడు, ఇది లాభము. కాని వాడు ఊరివాడును కాడు, ఇది నష్టము. తలారి మొగము చూచి మనిషిని గుర్తించును. కానిస్టేబులు పుస్తకము చూచి గుర్తింపవలసివచ్చెను. పోలీసు పుస్తకమున పేరెక్కినవానిని సంక్షేపముగా రెండాంగ్లాక్షరములతో వ్రాసికొనుటవలననే ‘కేడీ’ యను మాట మన భాషలోనికి వచ్చినది.

ఇక పట్టణపు గస్తీ. తిరుపతి 1886లోను, చిత్తూరు 1917లోను పురపాలకసంఘములాయెను. నడుమ 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడెను. పందొమ్మిదవ శతాబ్ది చివర రైలు వచ్చెను. 1944లో తిరుమలకు ఘాటురోడ్డు వేసిరి. తిరుపతి జనము తిరుపతివారే కారు, ప్రతిదినము క్రొత్తమొగములు. ఎవరు భక్తుడో, ఎవరు భక్తుని మూటకై వచ్చినవాడో చూపుతో తెలియదు. అందుచే పట్టణమును బీటులుగా విభజించి, ఒక్కొక్క బీటునకు కానిస్టేబులును పంపుదురు. వాడు బజారులో మూసిన అంగళ్ల తాళములు లాగి చూచును, సత్రపు అరుగుమీద నిద్రించువారిని పలుకరించును, నియమిత స్థలములందుంచిన పుస్తకములో గంట వ్రాసి చేవ్రాలు చేయును. సబిన్‌స్పెక్టరు ఏ వేళనైనను వచ్చి ఆ పుస్తకమును తనిఖీ చేయవచ్చును. దొంగను పట్టుటకంటె దొంగ రాకుండ చేయుటయే గస్తీ ప్రయోజనము. జరుగని దొంగతనమునకు మెప్పు రాదు గదా! అందుచే ఈ పని చేయువారికి లోకమున కీర్తి తక్కువ.

నలువది సంవత్సరముల నాటి మాట. నేనప్పుడు ఈ సీమలోని యొక చిన్న పట్టణమున ఉపాధ్యాయుడను. ఒక రాత్రి రెండవజామున నా భార్యకు ప్రసవవేదన ఆరంభమాయెను. నర్సమ్మను పిలుచుటకు వీథిలో పడితిని. గస్తీ కానిస్టేబులు నన్నాపి, సంగతి విని, తన టార్చిలైటుతో దారి చూపుచు ఆమె ఇంటివఱకు వచ్చెను. కౌటిల్యుని వాక్యము వాని రూపమున నడచివచ్చినట్లు నాకు తోచెను. నాకు కొడుకు పుట్టెను.

తెల్లవాఱిన పిమ్మట మఱియొక వార్త వింటిని. అదే రాత్రి, అదే వీథిలో, నా శిష్యుని తండ్రి జ్వరముతోనున్న భార్యకు మందు తెచ్చుటకు పోవుచుండగా పట్టి ఠాణాలో కూర్చుండబెట్టిరి. వాడు ఎఱుకలవాడు. మాటయిచ్చి విడిపించుటకు పోతిని, విడిచిరి. మఱునాడు బడిలో ఆ బిడ్డ నన్నడిగెను: “అయ్యవారూ, మిమ్మల్ని పోనిచ్చి మా నాయన్ను ఎందుకు పట్టుకున్నారు?”

నేను వ్యాకరణము చదివినవాడను, తర్కము చదివినవాడను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేకపోతిని. చరిత్ర చదివిన పిమ్మటనే సమాధానము దొరికినది. 1871లో నేరజాతుల చట్టమని యొకటి పుట్టెను. 1911 నాటి చట్టము క్రింద చెన్నరాష్ట్రమున ఎఱుకలవారి పేరును ఆ పట్టీలో చేర్చిరి. తప్పు చేయకున్నను పేరు నమోదు చేయించుకొనవలెను, చెప్పినచోట హాజరు పలుకవలెను. స్వతంత్రము వచ్చిన పిదప 1952లో ఆ చట్టము రద్దాయెను. కాని చట్టము కాగితమునుండి పోయినంత త్వరగా కావలివాని కంటినుండి పోలేదు. ఆ రాత్రి నన్ను విడిచిన కన్నును, వానిని పట్టిన కన్నును ఒక్కటియే. నాడు నేను మాటయిచ్చితిని. వాడు ఏమి చేసెనని మాత్రము అడుగలేదు. అడుగవలసియుండెను. ఆ లోపము నాదియే.

కాలము మాఱినది. 1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్యపు గ్రామాధికారములు రద్దాయెను. 2007లో తిరుపతి నగరపాలకసంస్థ యాయెను. 2022లో ప్రత్యేక జిల్లాయు ఏర్పడెను. చంద్రగిరి సమీపమున కల్యాణి డ్యామువద్ద పోలీసులకు శిక్షణాలయము కలదు. ఎండలో నిలిచి, పండుగ లేక, వేళకు తిండి లేక, బ్రహ్మోత్సవములందు లక్షలమంది నడుమ తప్పిపోయిన బిడ్డను తల్లికి అప్పగించువారు వారే. వారి కష్టమును తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత.

ఇక మూడవ ప్రశ్న. కావలివానిని అడుగువాడెవడు? విజయనగరపు నాయకుని రాజడిగెను. తలారిని ఊరడిగెను. పాలెగారిని అడుగువాడు లేక చెడెను. నేటి కానిస్టేబులును అడుగుటకు 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము కలదు. పట్టినవానిని ఇరువదినాలుగు గంటలలోపల న్యాయాధికారి యెదుట నిలుపవలెనని దాని ఇరువదిరెండవ అనుచ్ఛేదము. కాని రాజ్యాంగము తనంత తాను రాత్రి వీథిలోనికి రాదు. మన యూరిలో ఒకనిని తీసికొనిపోయిరని విన్నప్పుడు, వాడేకులమువాడని అడుగక వాడేమి చేసెనని అడుగు పెద్దమనిషి అరుగుమీద నొక్కడున్నచో అది నడచివచ్చును.

మీరు పెద్దలు. మీ మాటకు ఊరిలోను ఠాణాలోను విలువ కలదు. నాడు బిడ్డ యడిగిన ప్రశ్న మఱియొక బిడ్డ అడుగకుండ చూచుట మీ చేతిలోను కలదు. గస్తీవానికి త్రోవలో కనబడినచో ఒక మంచిమాట చెప్పుడు. వాడు తప్పినచో ఆ మాటయు చెప్పుడు.