పెన్నేటి సీమలో కల్లు రుచులు

జమ్మలమడుగునుండి ప్రొద్దుటూరు దిక్కుగా పెన్నానది వెంబడి పోవువారికి వంకల యొడ్డులందును, చెరువుకట్టల క్రిందను, పులివెందుల వైపున చిత్రావతీ పాపఘ్నుల పరివాహమందును గుంపులుగా నిలిచిన ఈతచెట్లు కానవచ్చును. వానిలో కొన్నింటి మ్రాను తిన్నగా నుండదు. ఒక యేడు ఒక ప్రక్కను, మరుసటి యేడు దాని కెదుటి ప్రక్కను కత్తివాటు పడుటచే మెట్లుమెట్లుగా వంకరలు తిరిగి యుండును. ఒక్కొక్క గండి ఒక్కొక్క యేటి గీతకు గుర్తు; క్రిందినుండి పైకి లెక్కించినచో ఆ చెట్టు ఎన్ని శీతకాలములు కల్లు నిచ్చినదో తెలియును. ఇది శాసనములకు పేరుగాంచిన సీమ. ఎర్రగుంట్లకు చేరువనున్న కలమళ్ళలో లభించిన రేనాటిచోడుల శాసనమును, క్రీ. శ. 575 ప్రాంతపుదానిని, తెలుగున మొట్టమొదటి శాసనముగా పండితులు పరిగణించిరి. రాజుల మాట రాతిపై నిలిచినది. కాని ఈ నేలమీది సామాన్యజనులు ఏమి త్రాగిరి, దానిలో మేలు కీళ్ళను ఎట్లు వివేచించిరి అను చరిత్ర ఈత మ్రాకులమీదను కల్లు గీయు ఈడిగల నోళ్ళయందును మాత్రమే మిగిలినది.

నేడు బెంగుళూరు, హైదరాబాదు నగరములలో చిన్న చిన్న బీరు కార్ఖానాలు వెలసి, గోధుమ బీరు, నల్లని స్టౌటు, చేదు ముదిరిన ఇండియా పేల్ ఏల్, పులుపు బీరు అని రకములను పలకలపై వ్రాసిపెట్టి, చిన్న గ్లాసులలో నాలుగైదింటిని ముందు రుచి చూపి, ఏది నచ్చినదని అడుగుచున్నారు. ఉద్యోగార్థమై కడపజిల్లానుండి అక్కడికి చేరిన యువకులు ఈ విద్యను నేర్చి, ఇది మన తాతముత్తాతలు ఎరుగని నాగరకత యని తలచుట కద్దు. నేను చెప్పదలచినది దీనికి భిన్నమైనది. పానీయమును చెట్టును బట్టి, వేళను బట్టి, పాత్రను బట్టి వింగడించి, ఎవరి నాలుకకు తగినదానిని వారు కోరుకొను వివేకము ఈ సీమలో బహుకాలముగా నుండెను. దానిని పన్నుల విధానమును, అంగళ్ళ గుత్తలును, నిషేధములును, సారాయి పొట్లములును ఒకదాని వెంట నొకటి వచ్చి నశింపజేసినవి.

మద్యములలో రకములను గుర్తించి పేళ్ళు పెట్టుట మన దేశమున మిక్కిలి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణమందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు విధములు చెప్పబడినవి. ఒక ద్రోణము నీటికి అర్ధాఢకము బియ్యమును, మూడు ప్రస్థముల కిణ్వమును చేర్చినచో మేదకమగును. పిండితోను సుగంధద్రవ్యములతోను చేసినది ప్రసన్న. వెలగపండ్లు, ఫాణితమను చెరకుపాకము, తేనె కలిపి పులియబెట్టినది ఆసవము. కిణ్వమనగా మినుములను బియ్యమును చేర్చి చేసిన పులియబెట్టు ముద్ద. బవేరియా ప్రభువులు 1516లో యవలు, హాప్ పువ్వులు, నీరు తప్ప మరేదియు బీరులో చేరరాదని శాసించుటకు ఎన్నో శతాబ్దులకు పూర్వమే కొలతలతో కూడిన ఇట్టి యోగములు మనకు వ్రాతలో నుండెనని ఎరుగుట మంచిది. అయినను ఆ గ్రంథము రాజు అదుపున నడచిన పానశాలలను గూర్చినది. పెన్నాతీరపు ఈతకల్లునకు ధాన్యము అక్కరలేదు, కిణ్వము అక్కరలేదు, పొయ్యి అక్కరలేదు. అందు మానవుని నేర్పంతయు కత్తిలోనే యున్నది.

కార్తికము వచ్చి చలి తలచూపగానే ఈడిగవాడు చెట్ల నెన్నుకొనును. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి దక్షిణదేశ కులముల గ్రంథమున ఈడిగలు ఈతచెట్లనుండి కల్లు తీసి అమ్ముకొను తెలుగువారని వ్రాయబడినది. మోకును నడుమునకును మ్రానునకును చుట్టి, గీతకత్తిని మొలకు దోపుకొని పైకి ప్రాకి, మొవ్వు క్రిందనున్న మట్టలను ఒక ప్రక్క నరికి, పీచు తొలగించి, లోపలి తెల్లని మెత్తని భాగము బయలుపడునట్లు అతడు చెక్కును. వెంటనే కల్లు దిగదు. చెక్కిన చోటు కొన్నాళ్ళు గాలికి ఆరవలయును. ఆరిన పిదప ఒక సాయంకాలమున దానిపై పలుచని పొర నొకదానిని తీసి, ఊరిన రసము ఒక్కచోటికి కూడునట్లు గాటు పెట్టి, ఆ గాటు కొనయందు సన్నని చీలికను గ్రుచ్చి, దాని క్రింద లొట్టిని వ్రేలాడగట్టి దిగివచ్చును. రాత్రియెల్ల రసము బొట్టుబొట్టుగా చీలిక వెంట జారును. తెల్లవారకముందే మరల ఎక్కి దించును. కత్తి లోతుగా దిగినచో మొవ్వు చెడి చెట్టు చచ్చును. పైపైన పోయినచో రసము ఊరదు. ఈ రెంటికి నడుమనున్న మందము గోటియంత యైనను ఉండదు. ఆ మందమును చీకటిపడు వేళ, మోకుపై వెనుకకు వ్రాలి, చేతి స్పర్శతోనే తెలిసికొనవలయును.

చెట్టును ప్రతిరాత్రియు గీయరు. కొన్ని రాత్రులు గీసి, కొన్ని రాత్రులు విడుతురు. విడుపు పిదప మొదటి రాత్రి దిగిన రసము నిర్మలమై, తీపియు సువాసనయు నిండియుండును. వరుసగా గీసినకొలదిని తీపి తగ్గి మడ్డి యెక్కును. వంగదేశమున ఈతబెల్లము వండువారు సైతము ఈ తొలిరాత్రి రసమునే మేలైనదిగా నెంచుదురు. కనుక ఒకే చెట్టు ఒకే వారమున పలురుచుల కల్లు నిచ్చును.

ఇక వేళను గూర్చి. దించిన క్షణమున రసమందు నూటికి సుమారు పదిపాళ్ళు చక్కెర యుండును. లొట్టి లోపల సున్నము పూసినచో అది పులియక నీరాగానే నిలుచును. దానిని కాచి బెల్లము చేయవచ్చును. సున్నము పూయని లొట్టిలో రాత్రియే పులియుట మొదలగును. సూర్యోదయవేళ తీపి పైచేయిగా నుండును. ఎండ యెక్కినకొలది నురుగు పొంగి, తీపిపులుపులు తులతూగు ఘడియ వచ్చును. సాయంకాలమునకు తీపి అడుగంటి, నూటికి నాలుగైదు పాళ్ళ మత్తు నిండి, వాసన ఘాటెక్కును. మరునాటికి కేవలము పులిసిన నీరగును. ఇందు పాత్రకును పాలున్నది. నిన్న కల్లు పట్టిన లొట్టి గోడలలో నిన్నటి ఈస్టు మిగిలియుండి నేటి రసమును పులియజేయును. కావున ఒక యింటి కల్లునకును మరొక యింటి కల్లునకును, చెట్లు ప్రక్కప్రక్కనే యున్నను, భేదము కలుగును.

బెల్జియమున బ్రసెల్సు నగరమునకు చేరువనున్న సేన్ నది లోయలో లాంబిక్ అను బీరును ఈ రీతిగానే చేయుదురు. కాచిన యవరసమును వెడల్పైన తొట్లలో రాత్రి గాలికి విడుతురు. గాలిలోను పాత కొయ్య పీపాలలోను నున్న జీవులే దానిని పులియజేయును. వేసవిలో చెడిపోవునని దానిని చలికాలమందే కాచుదురు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒంటరి ఈస్టు కణమునుండి శుద్ధమైన సంతతిని పెంచుటతో ప్రపంచమందలి బీరు చాలవరకు ఏకరీతి రుచికి దిగినది. లాంబిక్ వంటివి కొన్ని మాత్రమే తప్పించుకొన్నవి. నేడు వానిని మహావైభవముగా సీసాలలో నింపి దేశదేశములకు పంపుచున్నారు. సేన్ లోయకు దక్కిన గౌరవము పెన్నా వంకలకు దక్కకపోవుట నాకు బాధాకరముగా నున్నది.

త్రాగువారి యిచ్ఛలును భిన్నములే. వేకువ తీపికల్లు తప్ప మరొకదానిని నోట పెట్టనివారు కొందరు. పొలమున ఎండదెబ్బ తిని వచ్చి, ఉడికించిన గుగ్గిళ్ళను, కారము చల్లిన బొరుగులను నంజుకొనుచు మధ్యాహ్నపు పులుపునే మెచ్చువారు కొందరు. తీపిని పసివారి రుచిగా త్రోసివేసి, ఘాటుకొరకు ప్రొద్దుగూకువరకు వేచియుండువారు మరికొందరు. తెలంగాణమున తాటికల్లు త్రాగువారు పోద్దాటికల్లు వేరనియు పండుతాటికల్లు వేరనియు వాదింతురు; మన్యమువారికి జీలుగుకల్లు ముందు మరేదియు నిలువదు. ఇది వట్టి అలవాటు మాత్రమే కాదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అను అమెరికా రసాయనజ్ఞుడు ప్రయోగశాలలో ఒక పొడిని పోయుచుండగా అది గాలిలోనికి లేచెను. ప్రక్కనున్న సహచరుడు నోరంతయు చేదనెను, ఫాక్సునకు ఏ రుచియు తెలియలేదు. ఆ భేదము వంశానుగతముగా వచ్చునని పిమ్మట తేలినది. చేదు బీరును ఒకడు అమృతమనుటకును మరొకడు కషాయమనుటకును కారణము కొంత నాలుకలోనే యున్నది. కనుక రకములు పెక్కు ఉన్న సీమలోనే పెక్కుమంది నాలుకలకు న్యాయము జరుగును.

ఆ న్యాయము తప్పుట దొరతనపు పద్దులలో మొదలైనది. 1800లో నిజామునుండి దత్తమండలములు కుంఫిణీవారి వశమైన పిమ్మట థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండి భూమిశిస్తును చక్కబెట్టెను. మద్యముపై రాబడిని గుత్తలకిచ్చి రాబట్టుట నాటి పరిపాటి. 1886లో మదరాసు ఆబ్కారీ చట్టము వచ్చినది. క్రమముగా చెట్టున కింత యని పన్నును, అంగడికి వేలమును స్థిరపడినవి. చెట్టుకు అంకె వేసి పన్ను కట్టించుకొనునపుడు, దాని నుండి వీలైనంత ఎక్కువ రసము పిండుటయే లాభము. విడుపు రాత్రులు నష్టముగా కనబడును. వేలమున అధికముగా పాడిన గుత్తవాడు పలుచెట్ల కల్లును ఒకే తొట్టిలో పోయించును. ఎవరి చెట్టు, ఏ రాత్రి, ఏ లొట్టి అను ప్రశ్నలకు అచ్చట తావులేదు. అంగడిలో మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఎంత మత్తు?

పిమ్మట వచ్చినది నిషేధము. రాజాజీ మంత్రివర్గము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, సరిగా ఏడాది గడిచిన నాడు, 1938 అక్టోబరు 1న, చిత్తూరు కడప జిల్లాలకు విస్తరింపజేసెను. ఆంధ్రదేశమున ఈ రెండు జిల్లాలే ముందుగా ఆ పరీక్షకు నిలిచినవి. పోయిన ఆబ్కారీ రాబడిని పూరించుటకు 1939లో అమ్మకపుపన్ను విధింపబడినది. నేడు ప్రతి అంగడిలో మనము చెల్లించు పన్నులకు పూర్వరూపము ఆ లోటునుండి పుట్టినదని పలువురెరుగరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున గవర్నరు సలహాదారుల ప్రభుత్వము నిషేధమును నిలిపివేయగా, 1946 మొదలు మరల విడతలుగా అమలుపరచి, 1948 అక్టోబరు 2 నాటికి మదరాసు రాష్ట్రము సమస్తమునకును వ్యాపింపజేసిరి. ఈ సంకల్పమున కరుణ యుండెనని నేను నిస్సంశయముగా చెప్పగలను. కూలి డబ్బు అంగడి పాలగుచుండగా ఆకలితో పడుకొన్న పిల్లల దుఃఖమును ఎవరు కాదనగలరు? కాని గీత తప్ప మరొక బ్రతుకుతెరువు నెరుగని ఈడిగవానికి బెల్లము వండుకొమ్మని చెప్పిన మాట కడుపు నింపలేదు. కత్తులు అటకెక్కినవి. తండ్రి చేయి పట్టి కుమారునికి మొవ్వు మందము నేర్పవలసిన శీతకాలములు వరుసగా జారిపోయినవి.

ఆంధ్రరాష్ట్రమేర్పడిన పిదప రామమూర్తి సంఘము నిషేధమును ఎత్తివేయుమని సూచించెను. గౌతు లచ్చన్న గారు గీతకార్మికుల పక్షమున పోరాడిరి. 1954 నవంబరు 6న ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఈ విషయముపైననే ఒక్క వోటు తేడాతో పడిపోయినది. అయినను ఆంధ్రప్రాంతమున నిషేధము సడలుటకు 1969 వరకు ఆగవలసి వచ్చినది. సడలిన వెనుక మరలి వచ్చినది ఈతకల్లు వివేకము కాదు, సారాయి. 1980వ దశకమున వారుణివాహిని పేర ప్రభుత్వమే సారాయిని పొట్లములలో కట్టించి పల్లెపల్లెకును చేర్చెను. పొట్లమునకు చెట్టు లేదు, ఋతువు లేదు, వేళ లేదు. రుచియు లేదు, కూలివాడు దానిని రుచికొరకు త్రాగనూ లేదు. పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు 1992లో సారాయిపై తిరుగబడినప్పుడు ఆ కోపము న్యాయమైనది. దాని ఫలముగా 1993 అక్టోబరు 1న సారాయియు, 1995 జనవరి 16న కల్లు తప్ప తక్కిన మద్యమంతయు నిషేధింపబడినవి. 1997లో ఆ రెండవ నిషేధము తొలగింపబడినది. కల్లును చట్టము విడిచిపెట్టినది, కాని కల్తీ విడిచిపెట్టలేదు. క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్ వంటి మందులను నీటిలో కలిపి కల్లను పేర అమ్మిన అంగళ్ళు తెలుగునాట ఎన్నో ప్రాణములను తీసినవి. రుచి తెలిసిన నాలుకలు ఊరూర నుండినచో అట్టి నీటిని మొదటి గుక్కలోనే ఉమిసియుండెడివారని నా నమ్మకము.

బీరును గూర్చి రెండు మాటలు చాలును. 1842లో పిల్సెన్ పట్టణమున జోసెఫ్ గ్రోల్ కాచిన బంగారువన్నె బీరు ప్రపంచమంతట వ్యాపించి మన పట్టణములకును వచ్చినది. కాని మన దేశమున అమ్ముడుపోవు బీరులో అధికభాగము మత్తు హెచ్చుగా నుండు స్ట్రాంగు రకమే. కల్లంగడి తొట్టి నేర్పిన కొలమానమునే సీసాయు అనుసరించినది. దీనికి ఎదురీదుటకే నగరములలోని చిన్న కార్ఖానాలవారు శ్రమించుచున్నారు. వారి శ్రమను నేను గౌరవింతును. వారు పులుపు బీరునకై ప్రయాసపడి సాధించు రుచిని పోలినది మా వంకయొడ్డున ఒక రాత్రిలో తనంత తానుగా సిద్ధమగుచుండెనని వారు కూడ తెలిసికొనవలయును.

ఈ విద్య నెరిగిన వృద్ధులు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల పల్లెలలో ఇంకను కొందరున్నారు. వంకల ఇసుక తరలిపోయి, బోరుబావులు నేల అడుగునీటిని పీల్చివేయగా ఈతవనములు పలుచబడుచున్నవి. ఏ వంక చెట్టు ఎట్టి కల్లు నిచ్చెడిది, విడుపు ఎన్ని రాత్రులు, లొట్టిని ఎప్పుడు కడుగవలయును, ఎప్పుడు కడుగరాదు అని వారి నడిగి వ్రాసిపెట్టువారు కావలెను. అడుగబోవువారు మార్గశిర పుష్యములలోనే పోవలయును. మాఘము దాటి ఎండ ముదిరిన పిమ్మట కల్లు గంటలలోనే పులిసిపోవును గనుక, ఉదయపు రుచినుండి మధ్యాహ్నపు రుచిని వేరుచేసి చూపుట వారికిని సాధ్యము కాదు.